మునిగిన ఊరికి ఒక పుట

"ముప్ఫయి అయిదేళ్లు కాగితాలు మోసి రిటైరయ్యారు. ఇప్పుడు కాగితం లేని కాగితాలు మోస్తున్నారు. ఈ జన్మకు మీకు మోక్షం లేదు" అంటుంది మా ఆవిడ, తెల్లవారుతూనే కాఫీ గ్లాసు కంప్యూటరు ప్రక్కన పెడుతూ.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నేను 1977లో కృష్ణా జిల్లాలో ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, 2012లో బయటపడ్డాను. అందులో సగం కాలం రికార్డు గదిలోనే గడిచింది. దుమ్మూ, చెదలూ, నాఫ్తలీను ఉండల వాసనా ఒంటికి పట్టిపోయాయి. రిటైరైన మూడేళ్లకు మా మనుమడు సెలవులకు వచ్చి, "తాతయ్యా, మన తెలుగులో వికీపీడియా ఉంది. నువ్వు కూడా వ్రాయవచ్చు. నిన్నెవ్వరూ అడ్డుకోరు" అన్నాడు. ఎవ్వరూ అడ్డుకోని కచేరీ నా సర్వీసులో నేను చూడలేదు. ఆ చోద్యమేమిటో చూద్దామని కూర్చున్నాను. ఇంతవరకు లేవలేదు.

పాఠకులలో చాలామంది వికీపీడియాను చదివే ఉంటారు గాని, దాని పెరటి సంగతి కొందరికే తెలుసు. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా దేశస్థుడు 1995లో, చదివేవాడే దిద్దగలిగే పుటలను మొదటిసారిగా తయారుచేశాడు. హవాయి దీవుల భాషలో 'వికీ' అంటే త్వరగా అని అర్థం. హోనొలూలూ విమానాశ్రయంలో తిరిగే బస్సుకు ఉన్న ఆ పేరే ఆయన తన పుటలకూ పెట్టుకున్నాడు. 2001లో ఇంగ్లీషు వికీపీడియా, 2003 డిసెంబరులో మన తెలుగు వికీపీడియా మొదలయినాయి. ఇందులో వ్రాసేవారికి జీతం లేదు, సంతకానికి రిజిస్టరు లేదు. కలిసి మాట్లాడుకునే చోటుకు 'రచ్చబండ' అని పేరు. ఆ పేరు చూడగానే నాకు మనవాళ్ల మధ్యకే వచ్చినట్లనిపించింది.

క్రొత్త వ్యాసాలు వ్రాయడానికి కుర్రవాళ్లున్నారు. నేను చేపట్టినది ఎవరికీ అంతగా ఇష్టం లేని పని: పాతబడిన పుటలను దిద్దడం, పనికిరాని పుటలను తీసివేయమని అడగడం. రికార్డు గది మనిషికి ఇంతకంటె తగిన పని ఏముంటుంది?

"ప్రస్తుతం" అనే మాట

పుట పాతబడటమంటే ఏమిటని మీరడగవచ్చు. అచ్చుపుస్తకమైతే కాగితం పచ్చబడుతుంది, అట్ట ఊడుతుంది. చూడగానే వయస్సు తెలుస్తుంది. ఈ పుటకు ముడతలు పడవు, జుట్టు నెరవదు. పదేళ్లనాడు వ్రాసిన వాక్యమూ, ఈ ఉదయం వ్రాసిన వాక్యమూ ఒకే నిగనిగలతో కనిపిస్తాయి. అందుకే దీని కాలదోషం మరీ ప్రమాదకరమైనది.

మన జిల్లాల సంగతే తీసుకోండి. 2016 అక్టోబరు 11, దసరా పండుగనాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయినాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినాయి. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో పని ముగించింది. కాని వేలాది గ్రామాల పుటలలో "ఫలానా జిల్లాలోని గ్రామము" అన్న మొదటి వాక్యం ఆ ఒక్క పూటతో తప్పయి కూర్చుంది. కొంత పని యంత్రంచేత చేయించవచ్చు గాని, యంత్రానికి పేరు తెలుస్తుందే గాని ఊరు తెలియదు. ఒకే పేరుతో నాలుగు జిల్లాల్లో నాలుగు ఊళ్లున్నప్పుడు మనిషి కూర్చుని చూడవలసిందే.

చింతూరునే చూడండి. భద్రాచలం ప్రాంతంతోపాటు అది మొదట తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో ఖమ్మం జిల్లాలోకి వెళ్లింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా తిరిగి ఆంధ్రప్రదేశ్‌కు, తూర్పు గోదావరికి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఊరు అడుగు కదలలేదు. అడ్రసు మాత్రం ఊళ్లు తిరిగింది. ఇటువంటి ఊరి పుటలో పాత జిల్లా పేరు కొట్టివేసి క్రొత్త పేరు వ్రాస్తే సరిపోతుందా? చాలదు. ఆ ఊరివాడు తాతగారి దస్తావేజు చేతబట్టుకుని వస్తే, అందులో పాత జిల్లా పేరే ఉంటుంది. కనుక ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు ఏ జిల్లాలో ఉన్నదో చెప్పాలి. పాతది తప్పు కాదు, పాతది. ఈ తేడా తెలుసుకోవడమే ఈ పనిలో మొదటి పాఠం.

రెండవ పాఠం ఇంకా చిన్నది. "ప్రస్తుతం" అనే మాట వ్రాయకూడదు. "ప్రస్తుత సర్పంచ్", "ఇటీవల కట్టిన వంతెన", "త్వరలో రానున్న కళాశాల" అని ఉత్సాహంగా వ్రాసిపోతారు. ఎప్పటి ప్రస్తుతం? ఎన్నాళ్లకు ఇటీవల? ఆ సర్పంచ్ మాజీ అయి, వారి అబ్బాయి సర్పంచ్ అయినా పుటలో ఆయనే ప్రస్తుతం. "2013 ఎన్నికలలో సర్పంచ్‌గా ఎన్నికయ్యారు" అని వ్రాస్తే ఆ వాక్యం ఎన్నటికీ తప్పు కాదు. నేను ఇంతవరకు చేసిన దిద్దుబాట్లలో ఎక్కువభాగం, ఈ ఒక్క మాటను తీసి ఒక సంవత్సరం పెట్టడమే.

తీసివేయడమంటే

మా రికార్డు గదిలో ప్రతి ఫైలుకూ ఒక ఆయుర్దాయం ఉండేది. పని పూర్తి అయిన ఫైలు మీద ఆర్. డిస్. అని వ్రాస్తే శాశ్వతంగా ఉంచాలి. డి. డిస్. అంటే పదేళ్లు. కె. డిస్. అంటే మూడేళ్లు. ఎల్. డిస్. అంటే ఒక్క ఏడు. గడువు తీరినవాటిని జాబితా కట్టి, పై అధికారి సంతకం తీసుకుని తగులబెట్టేవాళ్లం. తగులబెట్టినది మళ్లీ రాదు. అందుచేత ఆ రెండక్షరాలు వ్రాసే గుమాస్తా కలం ఒక్క క్షణం ఆగేది. ఆగాలి కూడా.

వికీలో సంగతి వేరు. ఇక్కడ ప్రతి పుటకూ 'చరిత్ర' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే, ఎవరు ఏ తేదీన ఏ గంటకు ఏమి వ్రాశారో, ఏమి కొట్టివేశారో అంతా వరుసగా కనబడుతుంది. ఎవరైనా ఆకతాయి వచ్చి పుటంతా తుడిచివేసినా, వెనుకటి ప్రతిని ఒక్క నిముషంలో నిలబెట్టవచ్చు. అందువల్ల వాక్యం తీసివేయడం పెద్ద విషయం కాదు.

మొత్తం పుటను తొలగించడం మాత్రం అందరివల్లా కాదు. అది నిర్వాహకులకే ఉన్న అధికారం. వారిని మేమే ఎన్నుకుంటాం. నాబోటివాడు చేయగలిగినది, పుట నెత్తిన "దీనిని తొలగించాలని ప్రతిపాదన" అని ఒక పలక తగిలించి, కారణం వ్రాయడం. ఎవరికైనా అభ్యంతరముంటే చర్చలో చెబుతారు. కొన్నాళ్లు చూసి నిర్వాహకుడు నిర్ణయిస్తాడు.

తొలగించక తప్పని పుటలు చాలానే వస్తాయి. కొందరు వ్రాయడం వస్తుందో రాదోనని "అఆఇఈ" అని టైపుచేసి పోతారు. కొందరు తమ దుకాణం గురించి, తమ గురించి తామే అష్టోత్తరం వ్రాసుకుంటారు. కొందరు ఎవరి పుస్తకంలోనో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా దింపుతారు. అది ఇతరుల హక్కు, ఉంచడానికి వీలులేదు. ఒకే ఊరికి ఇద్దరు రెండు పుటలు వ్రాస్తే మాత్రం తొలగించడం మంచిది కాదు. ఒకదానిని రెండవదానిలో విలీనం చేసి, మొదటి పేరు నుండి దారిమార్పు పెట్టాలి. ఎందుకంటే ఇక్కడ వ్రాసినవారికి దక్కే ప్రతిఫలం ఒక్కటే, చరిత్రలో వారి పేరు ఉండటం. పుటను తొలగిస్తే ఆ పేర్లు కూడా కనుమరుగవుతాయి.

అయితే తొలగించిన పుట కూడా మా ఎల్. డిస్. ఫైలులా బూడిద కాదు. ఇంకొక బీరువాలోకి పోతుంది. దాని తాళం నిర్వాహకుల దగ్గర ఉంటుంది. న్యాయమైన కారణం చూపితే పుటనూ, దాని చరిత్రనూ యథాతథంగా తిరిగి తెస్తారు. ఈ సంగతి తెలిసిన తరువాత నా కలం ఆగడం మానేసింది. "తప్పయితే తిరిగి రాదా ఏమిటి?" అన్న ధీమా వచ్చింది. ఆ ధీమాయే నన్ను దెబ్బతీసింది.

"ఈ పేరుతో ఊరు లేదు"

ఒకనాడు కర్నూలు ప్రాంతపు గ్రామాల పుటలు సరిచూస్తున్నాను. అందులో ఒక ఊరిది రెండు వాక్యాల పుట. ఫలానా మండలంలోని గ్రామమని ఒకటి, ఊళ్లో రామాలయం ఉందని ఒకటి. మూలాలు లేవు, బొమ్మ లేదు. 2011 జనాభా లెక్కలలో వెతికాను, ఆ పేరు లేదు. మండలంలోని ఊళ్ల జాబితా చూశాను, అందులోనూ లేదు. అదే పేరుకు ముందు 'క్రొత్త' అని చేర్చిన ఊరొకటి మాత్రం ఉంది. దానికి చక్కని పుట కూడా ఉంది. ఇంకేం! ఎవరో పొరపాటున రెండోసారి వ్రాశారనుకున్నాను. పలక తగిలించి, కారణం ఇలా వ్రాశాను: "ఈ పేరుతో ఊరు లేదు."

వారం గడిచింది. ఎవరూ మాట్లాడలేదు. పుటను తొలగించారు. ఆ వేళ నా లెక్కలో అది పదకొండవ పుట.

రెండు నెలల తరువాత నా చర్చా పేజీలో ఎవరో క్రొత్తవారు వ్రాశారు. ఇంచుమించు ఇవే మాటలు:

"సార్, మా అమ్మకు చదువు రాదు. ఎనభై దాటాయి. మా ఊరి పేజీ ఫోనులో తెరిచి ఆ రెండు ముక్కలూ చదివి వినిపించమని అప్పుడప్పుడూ అడిగేది. నిన్న తెరిస్తే పేజీ లేదు. ఈ పేరుతో ఊరు లేదని మీరు వ్రాసినది ఉంది. మా ఊరు 1981లో శ్రీశైలం నీళ్లలో మునిగింది. ఇప్పుడు రెండోసారి మునిగింది. అమ్మకు ఏమని చదివి వినిపించను?"

తొలగించిన పుట కోసం వచ్చినవారికి, ఎవరు ఎప్పుడు ఏ కారణంతో తొలగించారో ఒక గీత కనబడుతుందని నాకు తెలుసు. ఆ గీతను ఆ ఊరివాళ్లు చదువుతారన్న ఆలోచన మాత్రం ఎన్నడూ రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం సహించలేదు. మా ఆవిడ విషయమడిగి, విని, "మీ లెక్కల్లో లేకపోతే ఊరే లేదని వ్రాస్తారటండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు వంద గ్రామాలు మునిగాయి. కొన్ని ప్రాచీన దేవాలయాలను రాయి రాయి విప్పి వేరేచోట కట్టారు. కూడలి సంగమేశ్వరాలయం అలాగే ఆలంపురం చేరింది. మనుషులు మూటాముల్లే సర్దుకుని గట్టుకు చేరారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లకే చాలాచోట్ల 'క్రొత్త' అన్న మాట చేరింది. ఇదంతా నేను ఎరుగనిది కాదు. అప్పటికి సర్వీసులో ఉన్నాను, పత్రికలలో చదివాను. కాని జాబితా ముందర పెట్టుకున్నప్పుడు జాబితాయే కనిపించింది.

ఇంకొక సంగతి చెబితే నవ్వుతారు. ఆ పుటలో ఫలానా మండలంలోని గ్రామమని ఉన్నదే, అదీ తప్పే. మన రాష్ట్రంలో మండలాలు వచ్చింది 1985లో. మండలాలు పుట్టక మునుపే మునిగిపోయిన ఊరికి మండలమెక్కడిది? అది నందికొట్కూరు తాలూకాలో పుట్టి, ఆ తాలూకాలోనే మునిగింది. అంటే, ఉంచవలసిన పుటనేమో తొలగించమన్నాను. దిద్దవలసిన తప్పును చూడనేలేదు.

ఆధారాల వేట

సాయంత్రమే రచ్చబండలో నా పొరపాటు ఒప్పుకుని, పుటను తిరిగి ఇప్పించమని కోరాను. ఊరు ఖాళీ అయినంత మాత్రాన దాని పుట తీసివేయనక్కరలేదని, ఒకప్పుడు ప్రభుత్వ లెక్కలలో ఉన్న ఊరైతే చాలునని పెద్దలు చెప్పారు. మర్నాటికి పుట వచ్చింది, చరిత్రతో సహా. మొట్టమొదట వ్రాసినది పేరు లేని అజ్ఞాత వ్యక్తి. అది ఆ కుమారుడేనని తరువాత తెలిసింది.

తిరిగి వస్తే చాలదు. ఆధారం లేకపోతే రేపు నాలాంటి గుమాస్తా మరొకడు వచ్చి మళ్లీ పలక తగిలిస్తాడు. ఆధారం కోసం పాత లెక్కలు వెతికాను. 1961 జనాభా లెక్కల తరువాత జిల్లాకొక పుస్తకం చొప్పున అచ్చువేశారు. గ్రంథాలయంలో కర్నూలు జిల్లా పుస్తకం సంపాదించి, తాలూకా వారీగా వేలుపెట్టి చూసుకుంటూ పోతే, నందికొట్కూరు తాలూకా క్రింద ఆ ఊరు కనబడింది. పేరు, విస్తీర్ణం, ఇళ్ల సంఖ్య, ఆడవారెందరో మగవారెందరో అన్నీ ఉన్నాయి. లేదన్న ఊరు అంకెలతో సహా నా ఎదుట నిలబడింది. ఆ పుస్తకానికి కాలదోషం పట్టిందని ఎవరైనా అమ్మివేసి ఉంటే ఏమయ్యేది?

ఇక ఆ తల్లిగారు. కుమారుడు ఆమెతో ఫోనులో మాట్లాడించాడు. ఆమె ఊరంతా చెప్పింది. రచ్చకట్ట దగ్గరి మూడు వేపచెట్లు, దిగుడుబావి మెట్ల లెక్క, పీర్లపండుగకు గుండం త్రవ్వే చోటు, పెళ్లయి కాపురానికి వచ్చినప్పుడు ఏరు దాటిన పుట్టి. గంటసేపు వ్రాసుకున్నాను. కాని అందులో ఒక్క ముక్క కూడా పుటకు ఎక్కించే వీలు లేదు. ఎక్కడైనా అచ్చయిన ఆధారం ఉంటేనే వికీలో చోటు. ఒకరి జ్ఞాపకం ఎంత నిజమైనా, చదివేవాడు సరిచూసుకోవడానికి దారి ఉండాలి గదా. ఈ నియమాన్ని నేను తప్పుపట్టను. అది లేకపోతే ప్రతివాడూ తన ఊళ్లో శ్రీరాముడు నిద్ర చేశాడని వ్రాస్తాడు. కాని ఆనాడు అది నాకు బరువుగానే తోచింది.

ఒక దారి మాత్రం దొరికింది. ఎండాకాలంలో నీటిమట్టం పడిపోయినప్పుడు కుమారుడు వెళ్లి గుడి రాతిస్తంభాలను, ఇళ్ల పునాదులను ఫోటోలు తీశాడు. తాను తీసిన ఫోటో తనది కనుక, అందరికీ ఉచితంగా ఇస్తున్నానని వ్రాసి పుటలో పెట్టవచ్చు. పెట్టాడు. ఆమె చెప్పిన మిగిలిన సంగతులు నా నోటుబుక్కులో ఉన్నాయి. వాటిని ఎక్కడైనా అచ్చువేయించమని కుమారుడికి చెప్పాను.

ఒక్క క్రియాపదం

పుటను సవరించి, మొదటి వాక్యం ఇలా వ్రాశాను: "కర్నూలు జిల్లా నందికొట్కూరు తాలూకాలో ఉండేది." వ్యాకరణం ప్రకారం, రికార్డు ప్రకారం సరి అయిన వాక్యమే. కుమారుడు ఆమెకు చదివి వినిపించి, ఫోను చేతికిచ్చాడు.

"ఉండేది అంటావేంది నాయనా? ఎండాకాలం నీళ్లు దిగితే గుడికంబాలు ఇప్పుటికీ కనపడతాయి గదా. కనపడేదాన్ని ఉండేదంటే ఎట్లా?" అంది.

'ఉంది' అని వ్రాస్తే అబద్ధం. 'ఉండేది' అంటే ఆమె ఒప్పుకోదు. రెండు రోజులు ఆలోచించి వాక్యం మార్చాను: "నందికొట్కూరు తాలూకాకు చెందిన, 1981లో శ్రీశైలం జలాశయంలో మునిగిన గ్రామం." ఉన్నదనీ లేదు, ఉండేదనీ లేదు. దీనికి ఆమె ఒప్పుకుంది. "మునిగింది నిజమే గదా, వ్రాసుకో" అంది.

నేను ఇప్పటికీ తొలగింపు పలకలు తగిలిస్తూనే ఉన్నాను. చెత్త ఊడ్వకపోతే ఇల్లు ఇల్లు కాదు. కాని "లేదు" అన్న మాట కారణంగా వ్రాయడం మానుకున్నాను. "నాకు కనబడలేదు, తెలిసినవారు చెప్పగలరు" అని వ్రాస్తున్నాను. పుట మొదట వ్రాసినవారికి ఒక కబురు కూడా పెడుతున్నాను. ఈ రెండింటికీ పట్టేది రెండు నిముషాలు.

మీ ఇంట్లో పిల్లలుంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ అమ్మమ్మగారి ఊరి పుట తెరిపించండి. జిల్లా పేరు సరిగా ఉందో లేదో చూడండి. "ప్రస్తుతం" అని ఎక్కడైనా ఉంటే, ఏ సంవత్సరపు సంగతో కనుక్కుని దిద్దించండి. పుటే లేకపోతే కంగారుపడకండి. తొలగించారేమో చిట్టాలో చూడండి, కారణం నచ్చకపోతే రచ్చబండలో అడగండి.

అక్కడ ఎవరో ఒక రిటైర్డు గుమాస్తా జవాబు చెబుతాడు. మా ఆవిడ కాఫీ తెచ్చే వేళకు అయితే నేనే చెబుతాను.